తుంటి ఎముక ఆపరేషన్ అయిన అమ్మకు ఏం పెట్టాలి, ఎంత పెట్టాలి?

నరసన్నపేట నుంచి ఒక సోదరి అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. ఆమె తల్లికి 72 ఏళ్ళు, బరువు సుమారు 42 కిలోలు, పదేళ్ళుగా షుగరు ఉంది. పెరట్లో నూతి గట్టు దగ్గర జారిపడి తుంటి ఎముక విరిగితే, విరిగిన బంతి భాగాన్ని తీసి లోహపు బంతి అమర్చారు. ఆపరేషన్ జరిగి ఎనిమిది రోజులైంది, ఇప్పుడు ఇంట్లోనే ఉన్నారు. పెద్దవాళ్ళు పప్పు, గుడ్డు, చేప, వంకాయ, పెరుగు అన్నీ మాన్పించి, రెండు పూటలా చారన్నం, ఉదయం పాలలో బ్రెడ్డు పెడుతున్నారు. పథ్యం ఎంతవరకు అవసరం, ప్రోటీన్ డబ్బా కొనాలా, త్వరగా కోలుకోవడానికి ప్రత్యేకమైన ఆహారం ఏదైనా ఉందా అన్నవి ఆమె సందేహాలు.

ముందు సూటిగా జవాబు చెబుతాను. మూత్రపిండాలు బాగున్నాయని రక్తపరీక్షలో తేలి ఉంటే, పథ్యం ఈ రోజే ఆపేయండి. మీ అమ్మగారికి రోజుకు 50 నుంచి 60 గ్రాముల మాంసకృత్తులు, సుమారు 1250 కేలరీలు కడుపులోకి వెళ్ళాలి. పప్పు, గుడ్డు, చేప, పాలు, పెరుగు అన్నీ పెట్టవచ్చు, పెట్టాలి కూడా. డబ్బా పొడి అవసరమా కాదా అన్నది ఆమె పళ్ళెంలో ఎంత మిగులుతోందో చూసి నిర్ణయించాలి. ప్రత్యేకమైన ఆహారం అంటూ ఏదీ లేదు.

నేను శ్రీకాకుళంలో డైటీషియన్‌గా 22 ఏళ్ళుగా పనిచేస్తున్నాను. తుంటి విరిగి వచ్చిన పెద్దవారిని వారానికి కనీసం ఒకరినైనా చూస్తాను. ఈ లెక్కలు ఎక్కడివో చెప్పి ముందుకు వెళతాను. పెద్దవారి పోషణపై యూరప్ వైద్య పోషణ సంఘం, అంటే ఎస్పెన్, 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం కిలో బరువుకు రోజుకు సుమారు 30 కేలరీలు, కనీసం 1 గ్రాము మాంసకృత్తులు ఉండాలి. జబ్బు లేదా గాయం ఉన్నప్పుడు మాంసకృత్తులు 1.2 నుంచి 1.5 గ్రాముల వరకు పెరగాలి. 42 కిలోలకు లెక్క కడితే దాదాపు నేను పైన చెప్పిన అంకెలే వస్తాయి. ఇప్పుడు మీరు పెడుతున్నదాన్ని కూడా కలిపి చూడండి: రెండు బ్రెడ్డు ముక్కలు, ఒక గ్లాసు పాలు, రెండు పూటలా చారుతో కొద్దిపాటి అన్నం. ఎంత ఉదారంగా లెక్కవేసినా 18 గ్రాములు దాటదు. అవసరంలో మూడో వంతు మాత్రమే అందుతోంది.

మిగిలిన రెండు వంతులూ ఎక్కడి నుంచి వస్తాయన్నదే అసలు సంగతి. ఎముక విరిగినప్పుడు, ఆ తర్వాత కత్తి పడినప్పుడు శరీరం గాయాన్ని మాన్పుకోవడానికి కావలసిన సరుకును తన కండల నుంచే తీసుకుంటుంది. మంచం మీద కదలకుండా పడుకున్న మనిషికి తొడ కండ మరింత వేగంగా కరుగుతుంది. సర్జను అమర్చిన లోహపు బంతి మొదటి రోజు నుంచే బరువు మోయగలదు, కానీ దాన్ని నడిపించవలసిన కండే లేకపోతే వాకర్ పట్టుకుని నాలుగు అడుగులు వేయడం కూడా గగనమవుతుంది. ఇటువంటివారే మంచాన పడి, వీపు మీద పుండ్లతోనో న్యుమోనియాతోనో మళ్ళీ ఆస్పత్రికి వస్తుంటారు.

పప్పు తింటే చీము పడుతుందా? పడదు. కుట్లలో చీము పట్టడానికి కారణం సూక్ష్మజీవులు. షుగరు అదుపులో లేకపోవడం, రక్తహీనత, పోషణ లోపం వాటికి సాయం చేస్తాయి. పచ్చగా, చిక్కగా ఉండే పప్పును చూసి ఎవరో ఎప్పుడో వేసిన పోలిక కాబోలు, మన జిల్లాల్లో ఇప్పటికీ చదువుకున్న ఇళ్ళలో కూడా ఆ మాటే నడుస్తోంది. నిజానికి పప్పు మాన్పిస్తేనే పుండు మానడం ఆలస్యమవుతుంది. పెరుగుకు జలుబు చేయదు, వంకాయకు కుట్లు విచ్చుకోవు. అయితే ఇంటి పెద్దావిడతో వాదించి గెలవడం కష్టమని నాకూ తెలుసు. నేను చేసే పని ఒకటే: వంకాయ, గోంగూర, గుమ్మడి వంటివి మానాలన్న ఆమె మాటను అలాగే ఉంచేసి, పప్పు, గుడ్డు, పాలు మాత్రం డాక్టరుగారు మందుగా రాశారని చీటీ మీద రాసి ఇస్తాను. వంకాయ మానేస్తే నష్టమేమీ లేదు, పప్పు మానేస్తే ఉంది. పట్టుదల ఉండవలసిన చోటే ఉండాలి.

మీ అమ్మగారికి సరిపడేలా ఒక రోజు ఇలా ఉండవచ్చు. ఉదయం లేవగానే 200 మిల్లీలీటర్ల పాలు, పంచదార లేకుండా. ఎనిమిది గంటలకు 40 గ్రాముల చోడి (రాగి) పిండితో చిక్కటి అంబలి, ఒక ఉడికించిన గుడ్డు. మధ్యాహ్నం ఒక కప్పు మెత్తటి అన్నం, 40 గ్రాముల పప్పు గట్టిగా వండి ఒక చెంచా నెయ్యి వేసినది, ముళ్ళు తీసిన 75 గ్రాముల చేప, చివర ఒక కప్పు పెరుగు. సాయంత్రం 25 గ్రాముల వేరుశనగ గుళ్ళు వేయించి పొడి చేసి మజ్జిగలోనో అటుకుల్లోనో కలిపి. రాత్రి 40 గ్రాముల పెసలతో మెత్తటి పెసరట్టు, పడుకునే ముందు మళ్ళీ పాలు. అన్నీ కలిపితే 65 గ్రాములకు కాస్త పైనే మాంసకృత్తులు వస్తాయి. అవసరం కంటే ఎక్కువ ఎందుకు వేశానంటే, ఈ వయసువారి పళ్ళెంలో నాలుగో వంతు మిగిలిపోవడం మామూలే. అలా మిగిలినా 50 గ్రాములు అందుతాయి.

చేప దొరకని రోజున మరో గుడ్డు, లేదా 75 గ్రాముల కోడిమాంసం కైమాలా దంచి వండండి. శాకాహారులైతే పనీర్, సోయా, ఉలవలు, మరో కప్పు పెరుగు. కళింగపట్నం, భావనపాడు రేవుల నుంచి వచ్చే నెత్తళ్ళు ముల్లుతో సహా మెత్తగా ఉడికిస్తే కాల్షియం కూడా అందుతుంది. అదే చేప ఉప్పులో ఎండబెట్టినది మాత్రం రక్తపోటు, కాళ్ళ వాపు ఉన్నవారికి వద్దు. ఉలవచారు మన ప్రాంతంలో బలానికి పేరుపొందినదే గానీ, కట్టు మాత్రమే తాగిస్తే మాంసకృత్తులు గింజలోనే మిగిలిపోతాయి. ఉడికిన ఉలవలను మెత్తగా రుబ్బి అందులోనే కలపండి.

ఇక మేక కాళ్ళ పులుసు గురించి. "ఎముకకు ఎముకే" అన్న నమ్మకంతో రోజూ కాళ్ళు కొని ఉడికించే కుటుంబాలను చాలా చూశాను. గంటల తరబడి ఉడికించినా నీటిలోకి దిగే కాల్షియం చాలా తక్కువ; ఒక గ్లాసు పాలలో దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. వేడి పులుసు వల్ల ఆకలి పుడితే సంతోషమే, తాగించండి, కానీ అది పప్పుకూ గుడ్డుకూ బదులు కాదు. నల్లేరు పచ్చడి కూడా అంతే; ఇష్టంగా తింటే తిననివ్వండి, దాని మీద భారం వేయకండి. పైగా మీ అమ్మగారికి విరిగిన భాగాన్ని తీసేసి లోహం పెట్టారు కాబట్టి, ఆ చోట అతుక్కోవలసిన ఎముక లేదు. మానవలసింది కోసిన కండ, చర్మం. కాపాడుకోవలసింది మిగతా ఎముకలు.

"సెలైన్‌లో బలం ఎక్కించండి" అని ఎవరినీ అడగకండి. ఐదు శాతం గ్లూకోజు ఉన్న అర లీటరు సీసాలో ఉండేది 25 గ్రాముల గ్లూకోజు, అంటే 85 కేలరీలకు అటూఇటూ, దాదాపు రెండు ఇడ్లీలతో సమానం. ఇడ్లీలో ఉండే మాంసకృత్తులు కూడా అందులో ఉండవు. మామూలు ఉప్పునీటి సెలైన్‌లో అయితే ఆ కేలరీలు కూడా లేవు. నోటితో తినగలిగిన మనిషికి సూది గుచ్చి రెండు ఇడ్లీలు పెట్టించుకుని వందల రూపాయలు ఇవ్వడం నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది.

ఇప్పటివరకు చెప్పినదంతా ఏం పెట్టాలన్నది. నా అనుభవంలో దీనికంటే కష్టమైనది, పెట్టినది లోపలికి వెళ్ళేలా చూడడం. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను గళ్ళు గీసి, గ్రాములు వేసి, చాలా అందమైన పట్టికలు రాసి ఇచ్చేదాన్ని. ఒకసారి చీపురుపల్లి నుంచి వచ్చిన ఒక కోడలు మధ్యాహ్నం మూడు గంటలకు క్యారియర్ తెచ్చి నా బల్ల మీద పెట్టి, గిన్నెలు ఒక్కొక్కటిగా విప్పి చూపించింది. పై గిన్నెలో అన్నం మీద వేలిముద్రంత గుంట మాత్రమే పడింది, పప్పు కదలలేదు, గుడ్డు రెండుగా చీల్చి ఉంది కానీ ఒక్క ముక్కా తగ్గలేదు. "మీరు రాసినవన్నీ వండేనమ్మా, మా అత్త తినాలి కదా" అంది. ఆ రోజు నుంచి నేను పట్టిక రాసే ముందు, తిరిగి వచ్చిన పళ్ళెం చూపించమని అడుగుతున్నాను.

ఆ అత్తగారి దగ్గర కూర్చుని అరగంట మాట్లాడితే గానీ కారణం బయటపడలేదు. "తింతే మళ్ళీ ఆ గిన్ని పెట్టాల కదమ్మా, కోడలు చేత ఆ పని ఎన్ని మార్లు సేయించుకోను" అంది నెమ్మదిగా. మంచం మీదే మలమూత్రాలకు గిన్నె పెట్టించుకునే సిగ్గుకు భయపడి తిండి, నీళ్ళు రెండూ తగ్గించుకున్న పెద్దావిడలను ఆ తర్వాత లెక్కలేనంతమందిని చూశాను. వారు ఈ మాట కొడుకుతో చెప్పరు, డాక్టరుతో అసలే చెప్పరు. మీ అమ్మగారిని మీరే, గదిలో ఎవరూ లేనప్పుడు అడగండి. మందుల దుకాణాల్లో అద్దెకో కొనుక్కోవడానికో దొరికే కమోడ్ కుర్చీ మంచం పక్కన వేస్తే, ఆకలి మందు కంటే అదే బాగా పనిచేస్తుంది. ఎత్తు మాత్రం చూసుకోండి. కూర్చున్నప్పుడు మోకాలి కంటే తుంటి కాస్త ఎత్తులో ఉండాలి.

అదే కారణం చేత ఆమెను పీట మీదా, నేల మీదా కూర్చోబెట్టి భోజనం పెట్టకండి. తుంటి లోతుగా వంగితే అమర్చిన బంతి గూడు తప్పే ప్రమాదం ఉంది. అలాగని పడుకోబెట్టి నోట్లో పోయడం అంతకంటే ప్రమాదం, మెతుకు ఊపిరితిత్తుల్లోకి వెళ్ళవచ్చు. ఎత్తైన కుర్చీలోనో, వీపు వెనుక దిండ్లు పెట్టి మంచం మీదో కూర్చోబెట్టి తినిపించి, తర్వాత అరగంట అలాగే ఉంచండి. మింగేటప్పుడు ప్రతిసారీ దగ్గు వస్తున్నా, గొంతు గరగరలాడుతున్నా తినిపించడం ఆపి డాక్టరుకు చూపించండి. కట్టుడు పళ్ళు ఉంటే అవి ఆస్పత్రి సంచిలోనే ఉండిపోయాయేమో వెతకండి. నవ్వుకోకండి, నెలకొకసారైనా ఈ సంగతి ఎదురవుతుంది.

ఆపరేషన్ తర్వాత కొందరికి సాయంత్రం అయ్యేసరికి మతి తప్పుతుంది, మనుషులను గుర్తుపట్టరు, పళ్ళెం తోసేస్తారు. తెలివిగా ఉండేది ఉదయమే కాబట్టి పెద్ద భోజనం అప్పుడే పెట్టండి. మలబద్ధకం కూడా ఆకలిని చంపుతుంది. ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలు, ఐరన్ మాత్రలు రెండూ దానికి కారణమే. నీళ్ళు తగ్గించమని డాక్టరు చెప్పి ఉండకపోతే రోజుకు లీటరున్నర ద్రవం, రెండు ముక్కలు జామపండు, మెత్తగా ఉడికిన ఆకుకూర ఇవ్వండి. మూడు రోజులైనా విరేచనం కాకపోతే మందు అడగండి. రక్తం పల్చబడడానికి వార్ఫరిన్, ఎసిట్రోమ్ వంటి మాత్రలు వాడేవారు మాత్రం ఆకుకూర ఒక రోజు కుప్పగా, మరో రోజు అసలు లేకుండా కాకుండా రోజూ ఒకే మోతాదులో తినాలి.

షుగరు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. షుగరు పెరుగుతుందన్న భయంతో తిండి తగ్గించడం ఈ దశలో తప్పు. పైన చెప్పిన పట్టికలో బెల్లం, పంచదార లేవు, అన్నం కూడా మితంగానే ఉంది. అయినా పెరిగితే తగ్గించవలసింది ఆహారాన్ని కాదు, సరిచేయవలసింది మందు మోతాదును. రోజుకు రెండు పూటలు గ్లూకోమీటరుతో చూసి రాసుకుని, తరచూ 180 దాటుతుంటే ఆ కాగితం డాక్టరుకు చూపించండి.

డబ్బా పొడుల విషయానికి వస్తే, ఎస్పెన్ మార్గదర్శకాలు తుంటి ఆపరేషన్ అయిన పెద్దవారికి మామూలు భోజనంతో పాటు పోషక పానీయాలు ఇవ్వాలనే చెబుతున్నాయి. రోజుకు కనీసం 400 కేలరీలు, 30 గ్రాముల మాంసకృత్తులు అందేలా, కనీసం ఒక నెల. వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2016 నాటి సమీక్షలో, ఇటువంటి పానీయాల వల్ల ఆపరేషన్ తర్వాతి చిక్కులు తగ్గవచ్చని, మరణాలు తగ్గినట్టు మాత్రం స్పష్టంగా తేలలేదని, ఉన్న ఆధారాలు కూడా బలహీనమేనని రాశారు. కాబట్టి డబ్బాను దేవుడి ప్రసాదంలా చూడవద్దు, తోసిపుచ్చనూ వద్దు. నేను పాటించే పద్ధతి ఇది: వరుసగా మూడు రోజులు పళ్ళెంలో సగం మిగిలితే పొడి మొదలుపెట్టిస్తాను, తింటూ ఉంటే ఆ డబ్బుతో గుడ్లు, పాలు, చేపలు కొనమంటాను. కొనేటప్పుడు డబ్బా వెనుక చదవండి. 100 గ్రాములకు 10 గ్రాముల మాంసకృత్తులు కూడా లేకుండా, సగం పంచదారతో నిండిన మాల్టు పొడులను బలం పేరుతో అమ్ముతుంటారు. షుగరు ఉన్నవారికి అవి అసలు పనికిరావు. ఏ పానీయమైనా భోజనానికి గంట ముందు కాకుండా, రెండు భోజనాల మధ్యనో పడుకునే ముందో ఇవ్వండి.

ఇక మూత్రపిండాల మాట. మొదట్లోనే షరతు పెట్టడానికి కారణం మన జిల్లాయే. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు, అంటే ఉద్దానం ప్రాంతంలో, ఏ లక్షణమూ లేకుండానే మూత్రపిండాలు దెబ్బతిన్నవారు ఎంతమంది ఉన్నారో తెలిసిందే. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమైంది ఆ వ్యాధి కోసమే. మీది నరసన్నపేట అయినా అమ్మగారి పుట్టిల్లు ఎక్కడో, పైగా పదేళ్ళ షుగరు. ఒక జాగ్రత్త: సన్నగా ఉన్న ముసలివారిలో కండ తక్కువ కాబట్టి మూత్రపిండాల పనితీరుకు రక్తంలో చూసే క్రియాటినిన్ అంకె మామూలుగానే కనిపించి మోసం చేస్తుంది. మూత్రపిండాలు ఎంత బాగా వడకడుతున్నాయో వయసుతో కలిపి లెక్కకట్టే అంకె, ఈజీఎఫ్ఆర్, ఎంతో అడగండి. అది బాగా తక్కువగా ఉంటే మాంసకృత్తుల మోతాదు కిడ్నీ డాక్టరుతో కలిసి నిర్ణయించాలి. అప్పుడు కూడా ఆపరేషన్ తర్వాతి వారాల్లో మరీ తగ్గించేయడం మంచిది కాదు.

ఉద్దానం నుంచి వచ్చిన ఒక పెద్దాయనకు ఇంటి తోటలో కాసినవే కదా అని రోజుకు నాలుగు కొబ్బరిబొండాలు తాగించారు. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నాయని అప్పటికి ఎవరికీ తెలియదు. రక్తంలో పొటాషియం పెరిగి, గుండె లయ తప్పి, తుంటి బాగుపడుతున్న దశలో ఆయన ఐసీయూలో చేరవలసి వచ్చింది, అదృష్టవశాత్తు బయటపడ్డారు. పరీక్ష చూడకుండా బొండాలు వద్దు.

ఎముకల బలానికి రోజుకు 1000 నుంచి 1200 మిల్లీగ్రాముల కాల్షియం, 800 నుంచి 1000 యూనిట్ల విటమిన్ డి కావాలి. చోళ్ళలో 100 గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, మొలకెత్తించి ఎండబెట్టి పిండి పట్టిస్తే మరింత బాగా ఒంటబడుతుంది. అయినా ఆహారంతో అంతా పూరించడం కష్టం కాబట్టి మాత్ర రాసి ఉంటారు. ఐరన్ మాత్ర కూడా ఉంటే రెండూ కలిపి వేయకండి, కనీసం రెండు గంటల తేడా ఉంచండి, ఐరన్ వేసిన దగ్గరలో టీ ఇవ్వకండి. ఈ వయసులో నిలుచున్న ఎత్తు నుంచి పడితేనే తుంటి విరిగిందంటే ఎముకలు గుల్లబారాయని అర్థం. రెండో తుంటి విరగకుండా దానికి వేరే మందులు ఉన్నాయి, మళ్ళీ చూపించుకునే రోజున మీరే అడగండి.

ఇంకా ఆపరేషన్ కోసం ఎదురుచూస్తున్నవారు ఇది చదువుతుంటే వారికి ఒక మాట. మత్తుకు ముందు గట్టి ఆహారానికి, పాలకు ఆరు గంటలు, మంచినీళ్ళకు రెండు గంటలు విరామం సాధారణంగా సరిపోతుంది. అయినా ముందు రోజు రాత్రి నుంచి నోరు కట్టేయడం, మధ్యాహ్నం అయ్యాక ఆపరేషన్ మర్నాటికి వాయిదా వేయడం, మర్నాడు మళ్ళీ అదే జరగడం చూస్తుంటాను. ఒక ముసలాయన ఇలా మూడు రోజులు పస్తున్నాక బల్ల ఎక్కారు. వాయిదా పడిందని తెలిసిన నిమిషంలోనే, తినిపించవచ్చా అని మత్తు డాక్టరును అడిగి వెంటనే తినిపించండి. ఇలా ఐదారు రోజులు దాదాపు ఏమీ తినని, బాగా చిక్కిపోయిన మనిషికి మాత్రం ఒక్కసారిగా నిండుగా పెట్టకూడదు. రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం హఠాత్తుగా పడిపోయే ప్రమాదం ఉంది, అది ఆస్పత్రిలోనే, కొంచెం కొంచెంగా పెంచవలసిన పని.

ఈ తిండి కనీసం మూడు నెలలు సాగాలి, ఫిజియోథెరపీతో పాటుగా. బరువు చూడడానికి ఆమె ఇప్పుడే నిలబడలేరు కాబట్టి టైలరు టేపు తీసుకుని, బాగున్న కాలి పిక్కను అత్యంత లావుగా ఉన్నచోట కొలిచి, క్యాలెండరు మీద రాయండి. 31 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉంటే కండ తక్కువని గుర్తు. కాలికి వాపు ఉంటే ఆ కొలత లెక్కలోకి రాదు. పదిహేను రోజులకొకసారి అదే కాలికి, అదే చోట కొలవండి. ఈజీఎఫ్ఆర్ అంకె, మొదటి పిక్క కొలత, రేపు మధ్యాహ్నం పళ్ళెంలో ఏమేమి మిగిలాయో ఇక్కడే రాయండి. అవి చూశాక పై పట్టికలో ఏం మార్చాలో చెబుతాను.